బాస్ చేపకు రంగుల పంచాంగం

అమెరికాలో బాస్ చేపల వేటగాడి పెట్టె ఒకసారి తెరిపించి చూడండి. మెత్తటి ప్లాస్టిక్ వానపాములు, బల్లులు, క్రాఫిష్‌లు సంచులకు సంచులు బయటపడతాయి. ఆకారాలు నాలుగైదే. రంగులకే అంతులేదు. గ్రీన్ పంప్‌కిన్, వాటర్‌మెలన్ రెడ్ ఫ్లేక్, జూన్‌బగ్, మోటార్ ఆయిల్, టెకీలా సన్‌రైజ్. ఆ చివరి పేరు చేప తాగి పెట్టిందో, వేటగాడు తాగి పెట్టాడో మనకనవసరం.

ఈ రంగులకు ఒక పంచాంగం ఉంది. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్, బురదగా ఉంటే నలుపూ నీలమూ. మబ్బు పడితే జూన్‌బగ్, ఎండ కాస్తే మెరుపు పొడి చల్లినది. రాహుకాలం, వర్జ్యం ఒక్కటే తక్కువ. చేప పడిందా, అది రంగు మహిమ. పడలేదా, రంగు తప్పింది, ఇంకో సంచి కొను. అదే నిమిషంలో అదే మొద్దు పక్కన రెండో రంగు వేసుంటే ఏమయ్యేదో ఎవరూ చూడరు కాబట్టి ఈ శాస్త్రానికి ఓటమన్నది లేదు.

చేపనే అడిగి చూసినవాళ్లూ ఉన్నారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫలానా రంగును పొడిస్తే మేత దొరుకుతుందని లార్జ్‌మౌత్ బాస్‌లకు నేర్పి, 2019లో ఫలితాలు ప్రచురించారు. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలైతే, ఈ చేపకు రెండే. ఒకటి పచ్చకు, ఒకటి ఎరుపుకు. ఆ రెంటినీ బాగానే గుర్తుపట్టింది. నీలానికీ నలుపుకీ మాత్రం తికమకపడింది. చార్ట్రూస్ పసుపుకీ తెలుపుకీ అంతే.

ఇక బురద నీటి ఆస్థాన రంగు ‘బ్లాక్ అండ్ బ్లూ’ సంగతి ఆలోచించండి. నలుపు మీద నీలం తళుకులద్ది అమ్ముతున్నారు. చేపకది నలుపు మీద నలుపు. ఆ నీలం ఎవరి కోసమో కొట్టువాడికి తెలుసు. “పొద్దున్నుంచీ తెలుపు వేశా, ఒక్కటీ ముట్టలేదు, చార్ట్రూస్‌కి మార్చానో లేదో టక్కున పట్టింది” అని ఒట్టేసి చెప్పే పెద్దమనుషులు ఏ పడవలోనైనా ఉంటారు. వాళ్లకీ పరిశోధన సంగతి చెప్పకండి, సాయంత్రం పాడవుతుంది.

వాసన గొడవ మరోటి. అలబామాలో టామ్ మన్ అనే ఆయన జెల్లీ వార్మ్ పేరుతో పండ్ల వాసన పాములు అమ్మి పేరు గడించాడు. సరస్సు అడుగున స్ట్రాబెర్రీ తోట వేసిందెవరో, చేపకా రుచి మప్పిందెవరో ఆయనెప్పుడూ చెప్పినట్టు లేదు.

గ్యారీ యమమోటో తెచ్చిన సెంకో అనే మెత్తటి ఎరను చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది. అది పెన్ను లాంటి సాదా కడ్డీ. కాళ్లు లేవు, ఊపే తోక లేదు. ఉప్పు దట్టించిన బరువుతో, సీసం గుండు అక్కర్లేకుండానే, అటూ ఇటూ వణుకుతూ మెల్లగా దిగుతుంది. ఆ దిగడంలోనే ఉంది పనితనమంతా. ఎర ఎంత లావు, ఎంత వేగంగా దిగుతోంది, చేప పొంచి ఉన్న నాచు అంచున పడిందా లేదా అన్నవే నా లెక్కలో అసలు ప్రశ్నలు. రంగు మాటకొస్తే ముదురుదొకటి, లేతదొకటి చాలు. అయితే ఆ సాదా కడ్డీని కూడా డజన్లకొద్దీ రంగుల్లో అమ్ముతున్నారు. దిగే వేగాన్ని రంగురంగుల సంచిలో పెట్టి చూపించలేరు గదా!

రికార్డులు తీయండి. జార్జ్ పెర్రీ 1932లో జార్జియాలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ చెక్క ఎరకు పడింది. అక్రన్‌లో నిక్ క్రీమ్ ప్లాస్టిక్ పామును తయారుచేసింది 1949లో, కాబట్టి ఆ కేసు కొట్టేద్దాం. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా ఆ రికార్డును సమం చేసింది బతికున్న బ్లూగిల్ చేపతో. టెక్సస్ రికార్డు బాస్ 1992లో లేక్ ఫోర్క్‌లో పడింది, అదీ క్రాపీ అనే వేరే చేప కోసం వేసిన చిన్న బతుకు చేపకు. పంచాంగం చూసుకుని వేసిన ఎర ఒక్కటీ లేదు.

ఇన్ని రంగుల మెత్తటి ఎరల్లో చిరిగిన ప్రతిదీ ఇంటికి రాదు. చాలావాటిని నీళ్లలోనే విసిరేస్తారు. 2013లో మెయిన్ రాష్ట్ర చట్టసభలో ఈ మెత్తటి ఎరల నిషేధానికి బిల్లు పెట్టారు. వేటగాళ్లు గొల్లుమన్నారు, నిషేధం రాలేదు. అడుగున పడున్న ఆ ముక్కల్ని చేపలు మింగుతూనే ఉన్నాయి, ఆ పూట మబ్బో ఎండో చూసుకోకుండా.