నీలిగొట్టము ఆత్మకథ

మందులషాపువారు నన్ను ఇన్‌హేలరందురు. నేనున్న యింటి నాయనమ్మగారు మాత్రము ముఖము చిట్లించుకొని ‘ఆ గొట్టం’ అని యూరకుందురు. గుంటూరున ఏడవ తరగతి చదువుచున్న యొక బాలుని పుస్తకాలసంచిలో, లెక్కలపుస్తకమునకును అన్నపుడబ్బాకును నడుమ, చేతిరుమాలులో చుట్టబడి అజ్ఞాతవాసము సేయుచున్నదానను.

అమెరికాలో ఉబ్బసముతో బాధపడుచుండిన పదుమూడేండ్ల బాలిక యొకతె, కేశములపై చల్లుకొను ద్రవమువలె తన మందును సయితము డబ్బానుండి చిమ్మరాదా యని, మందుల సంస్థకు అధ్యక్షుడైన తన తండ్రి నడిగినదట. ఆ ప్రశ్న ఫలించి 1956లో మా మూలపురుషుడు జన్మించెను. నాలోని సాల్బుటమాల్ 1969లో ఇంగ్లండున బజారుకు వచ్చినది. బిగుసుకొన్న శ్వాసనాళముల కండరములను నిమిషములలో సడలించుటయే నా వృత్తి. నాళముల వాపును అణచుటకై నిత్యము పీల్చవలసిన నా సోదరుడు వేఱొకడు కలడు; నేను ఆపద్బంధువును మాత్రమే. ‘గొట్టం అలవాటైతే ఇక వదలదు’ అని శంకించు పెద్దలు, నానుండి వెలువడు ఒక్కొక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందే కలదనియు, తాము నిస్సంకోచముగా మ్రింగించు 4 మిల్లీగ్రాముల మాత్రలో అంతకు నలువది రెట్లుండుననియు ఎఱుగరు.

మా బడి ప్రహరీ పొడుగునను వయ్యారిభామ తెల్లగా పూచియుండును. పేరు మనోహరమే గాని దాని పుప్పొడి గిట్టని పిల్లల ముక్కులు వర్షాకాలమంతయు కారుచునే యుండును. తరగతిలో సుద్దపొడి, గాలి మళ్ళినపుడు మిర్చియార్డు ఘాటు, ఇంటికి పోయినచో దోమలచుట్ట పొగ, పాతపరుపులలో కంటికి కనబడని ధూళిపురుగులు: ఇన్నింటిని దాటుకొని మావాడు ఊపిరి తీయవలెను.

ఒక మృగశిరకార్తెనాడు తాతగారు వానిని హైదరాబాదునకు గొనిపోయి, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున, బత్తినివారి చేపమందు కొఱకు వేలాదిజనముతో వరుసలో నిలిపిరి. పసుపుపచ్చని మందుముద్దతో సజీవమైన కొరమీనుపిల్ల వాని కంఠమున దిగిపోవుచుండగా నేను వాని జేబులోనే యుంటిని. ఆ మత్స్యముతో నాకు వైరము లేదు. ఐనను తిరుగురైలులో దుప్పటి దుమ్మునకు వానికి పిల్లికూతలు మొదలైనపుడు పిలుపు వచ్చినది నాకే.

మేమింత రహస్యముగా బ్రదుకుటకు మావాడు లోకమున ఒంటరివాడా? 2000 దాటిన తొలియేండ్లలో పెక్కుదేశముల బడులలో పదుమూడు పదునాలుగేండ్లవారిని, గడచిన పండ్రెండు నెలలలో నీ ఎదలో పిల్లికూతలు వినబడినవా యని యడుగగా, ఇంచుమించుగా ఏడుగురిలో ఒకరు ఔననిరి. మనదేశపు లెక్క అంతకు తక్కువయే. కాని మనవారు ఉబ్బసమును జలుబనియు, నెమ్మనియు, ఒంటితత్త్వమనియు మాఱుపేరులతో చెప్పుకొందురు గనుక ఆ తక్కువను నేనంతగా నమ్మను. ఆడపిల్లయైనచో రేపు సంబంధము చెడునను భయముచేత ఆ మాఱుపేరు సయితము పైకి రాదు.

మొన్న వ్యాయామోపాధ్యాయులు మైదానము చుట్టును పరుగెత్తుమనగా, రెండవ చుట్టులోనే ఆయాసపడిన మావాడు, సిగ్గువిడిచి నలుగురియెదుటను నన్ను వెలికిదీసి రెండు పఫ్‌లు పీల్చెను. ఎవరును నవ్వలేదు. వెనుకబెంచీ పిల్లవాడొకడు మాత్రము చేరవచ్చి, గొంతు తగ్గించి యడిగెను: “నిన్ను బడికి తెచ్చుకోనిస్తారంట్రా? నాది మా అమ్మ బీరువాలో పెట్టి తాళమేసుద్ది.”