‘సర్వరు డౌనయింది, రేపు రాండి’: టీకా తాత్పర్య సహితము

మూలం: “సర్వరు డౌనయింది, రేపు రాండి.”

అవతారిక: మైలవరం మండల కేంద్రానికి అడంగలు కోసమో 1బీ నకలు కోసమో వచ్చిన రైతుతో ఇంటర్నెట్ సెంటరు నిర్వాహకుడు పలికే వాక్యమిది. తెర మీద ఎర్ర త్రికోణం, ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అన్న హెచ్చరిక కనబడటం సందర్భం.

టీక: సర్వరు = ఎక్కడో దూరాన ఉండి ఎదురు చెప్పలేనిది, కనుక నింద మోయడానికి తగినది; డౌనయింది = పడిపోయిందని వాచ్యార్థం, వెతికే ఓపిక లేదని వ్యంగ్యార్థం; రేపు = ఏ రోజైనా; రాండి = బస్సు చార్జీ మీదే.

తాత్పర్యం: బ్రౌజరు 443వ పోర్టు తలుపు తట్టి, తనకు తెలిసిన టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణ పద్ధతి వెర్షన్లు చెబుతుంది. సర్వరు ఒకదాన్ని ఒప్పుకొని ధ్రువపత్రం చూపుతుంది. పేరు, గడువు, సంతకం చేసిన సంస్థ సరిపోతేనే గుప్త సంభాషణ సాగుతుంది. పడిపోయిన సర్వరు ధ్రువపత్రం చూపజాలదు. అంటే ఆ హెచ్చరికే అవతల ఎవరో పలికారనడానికి సాక్ష్యం. గేటు దించి ఉన్నంత మాత్రాన మైలవరం జలాశయంలో నీళ్లు లేవనవచ్చునా? కనుక ఇందు భ్రాంతిమదలంకారం.

విశేషాలు: ముందుగా తెర మూలనున్న తేదీ చూడాలి. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది; అప్పుడు నిన్నటి ధ్రువపత్రం ఇంకా పుట్టనిదిగా తోస్తుంది. తేదీ సరిగా ఉంటే అదే సైటును ఫోనులో, మొబైల్ డేటాతో తెరవాలి. అక్కడ తెరుచుకుంటే దోషం సెంటరుదే: పాత విండోస్, లేదా మధ్యలో దూరి తన సొంత ధ్రువపత్రం చూపే యాంటీవైరస్. టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ పక్కన పెట్టింది. ఆ ఏడాదే సెప్టెంబరు 30న ధ్రువపత్రాలిచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన పాత మూల ధ్రువపత్రం గడువు తీరి, అప్‌డేట్లు లేని యంత్రాలకు ఎన్నో సైట్లు మూసుకుపోయాయి. ఫోనులోనూ గడువు తీరిందనే వస్తే నింద సర్వరుకే న్యాయం. హెచ్చరికేమీ లేక చక్రం తిరిగి తిరిగి ‘టైమవుట్’ అంటే అది వేరే ప్రకరణం. ఫైర్‌వాల్‌ను గానీ, లైనును గానీ, నిజంగా పడిపోయిన సర్వరును గానీ అనుమానించాలి.

పాఠాంతరం: ‘అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పోండి’ అని కొందరు చదువుతారు. అప్పుడు అవతలి వాడు సర్వరో, మధ్యలో చెవి ఒగ్గినవాడో తేలదు. ఆధార్ నంబరు, ఓటీపీ అడిగే పేజీలో ఈ పాఠం అగ్రాహ్యం.