మూడు రోజులకో పతకం

ఇంకో యాప్ వచ్చింది. కుర్రాళ్ళ చేత సిగరెట్టు మాన్పిస్తుందట. ప్లేస్టోర్ నిండా ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయి కదా అని అడిగితే మనం టెక్నాలజీకి శత్రువులమైపోతాం, కాబట్టి ఎవరూ అడగరు. లోపల ఏముంటుందో తెలియడానికి డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన పని కూడా లేదు. మానేసి ఎన్ని గంటలైందో చూపే గడియారం, ఎన్ని రూపాయలు మిగిలాయో చూపే మీటరు, మీ ఊపిరితిత్తులు సంతోషంగా ఉన్నాయని పొద్దున్నే ఒక నోటిఫికేషన్. నాలుక పీకుతున్నప్పుడు నొక్కడానికి ఒక బటన్. నొక్కితే గట్టిగా పీల్చి మెల్లగా వదలమంటుంది. సిగరెట్టు తాగేవాడు రోజంతా చేస్తున్నది అదేగా!

వీటన్నిటిలో నాకు ముద్దొచ్చేది పతకాల వ్యవహారం. ఒక రోజు ఆగితే కంచు, మూడు రోజులకు వెండి, వారానికి బంగారం, అందుకున్నది స్నేహితులకు చూపించుకోవడానికి పక్కనే షేర్ గుర్తు. ఓటుహక్కు ఉన్నవాడికి, బైకు ఈఎంఐ కడుతున్నవాడికి, అంగన్‌వాడీ పిల్లాడి చేతి మీద స్కెచ్ పెన్నుతో నక్షత్రం గీసినట్టు ఈ సత్కారం. చిక్కేమిటంటే నికోటిన్‌కి ఈ పతకాల సంగతి తెలియదు. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరి తన బహుమానం తాను ఇచ్చేస్తుంది. అంత చురుకైన ప్రత్యర్థి మీదికి మూడు రోజులకో బొమ్మ బిళ్ళ ఇచ్చేవాణ్ణి పోటీకి దించారు. అందులోనూ మానేసినవాడిని చిరాకు, నిద్రలేమి, తలనొప్పి ఎక్కువగా పీక్కుతినేది సరిగ్గా ఆ మొదటి మూడు రోజుల్లోనే. ఆ నరకం మధ్యలో ఫోను టింగుమంటుంది, తీసి చూస్తే వెండి పతకం.

పతకం ఇవ్వడం కన్నా ఘోరం దాన్ని వెనక్కి తీసుకోవడం. ఇరవై రోజులు నిగ్రహంగా ఉన్నవాడు ఓ పెళ్ళిలో స్నేహితుల మధ్య ఒక్కటి ముట్టించాడనుకోండి. నిజాయితీగా యాప్‌కి ఆ మాట చెబితే చాలావాటిలో గడియారం సున్నాకి వస్తుంది. మానాలనుకునేవాళ్ళలో ఎక్కువమంది మధ్యలో తప్పటడుగులు వేసి, మళ్ళీ మొదలుపెట్టి, అలా ఎన్నోసార్లు ప్రయత్నిస్తే గానీ బయటపడరని ఈ వైద్యం చేసే డాక్టర్లందరికీ తెలుసు. వాళ్ళు తప్పటడుగుని చికిత్సలో భాగంగా చూస్తారు. యాప్ దాన్ని ఆటలో ఓటమిగా చూస్తుంది. ఓడిపోయిన ఆటను ఎవరైనా ఏం చేస్తారు? అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. వాడు యాప్ తీసేశాక మానాడో తాగాడో ఆ యాప్‌కి తెలిసే దారి లేదు. ప్రకటనల్లో మాత్రం ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో లక్షల్లో కనిపిస్తుంది. ఇల్లు అలకగానే పండగ అయిపోయినట్టే!

ఇది అక్కసుతో అంటున్న మాట కాదు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా 19 నుంచి 29 ఏళ్ళ వాళ్ళ కోసమే ‘క్రష్ ద క్రేవ్’ అని ఒక యాప్ చేశారు. చేసి ఊరుకోకుండా దాదాపు 1,600 మంది మీద పరీక్షించారు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. సగంమందికి యాప్, సగంమందికి అక్కడి ఆరోగ్యశాఖ వారి మామూలు అచ్చు పుస్తకం. ఆర్నెల్ల తర్వాత చూస్తే యాప్ వాడినవాళ్ళలో 7.8 శాతం మంది, పుస్తకం అందుకున్నవాళ్ళలో 9.2 శాతం మంది మానేశారు. తేడా లెక్కలోకి రానంత చిన్నది, కాబట్టి పుస్తకం గెలిచిందని నేననను. రంగులూ గ్రాఫులూ పతకాలూ అన్నీ కలిసి ఒక కరపత్రాన్ని దాటలేకపోయాయని మాత్రం అంటాను. 2019లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష ఇలాంటి యాప్ ప్రయోగాలు ఐదింటిని కలిపి చూసి, మానేసే అవకాశం పెరిగిందనడానికి ఆధారం కనబడలేదంది. అదే సమీక్షలో పాతకాలపు ఎస్సెమ్మెస్‌లు మాత్రం పనిచేశాయి. అవి అందనివాళ్ళలో వందకు ఐదారుగురు మానేస్తే, అందినవాళ్ళలో తొమ్మిది పదిమంది మానేశారు. కానీ ఎస్సెమ్మెస్‌కి ఆవిష్కరణ సభ ఎవరు పెడతారు?

అమెరికాలో ‘ఐకెన్‌క్విట్’ అనే యాప్ పనిచేసింది కదా అంటారు. పనిచేసింది, ఒప్పుకోవాలి. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత 28 శాతం మంది మానేశారు, దానితో పోల్చిన ఇంకో యాప్‌లో 21 శాతం. అయితే దాన్ని నిలబెట్టింది లోపలున్న మానసిక చికిత్సా పద్ధతి. కోరికతో కుస్తీ పట్టకుండా, అది వచ్చి పోయేదాకా ఓర్చుకోవడం నేర్పిన పద్ధతి అది. అలాంటి చికిత్స లోపల పెట్టుకున్న యాప్‌తో నాకు గొడవ లేదు. గడియారానికి రంగు వేసి వైద్యం అని పేరు పెట్టేవాళ్ళతోనే.

ఉచితమే కదా, నష్టమేముంది అనేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. నష్టం ఉంది. బాధ్యత అంతా ఆ కుర్రాడి బొటనవేలి మీదికి నెట్టేసి మిగతావాళ్ళందరూ చేతులు దులిపేసుకుంటున్నారు. కాలేజీకి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. ఏ కాలేజీ గేటు ముందైనా నిలబడి చుట్టూ చూడండి. పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మతో హెచ్చరిక వేయించారు, 2018 నుంచి 1800-11-2356 అని, మానాలనుకునేవాళ్ళకు సాయం చేసే క్విట్‌లైన్ నంబరు కూడా వేయించారు. మంచిదే. మరి బడ్డీ కొట్లో లూజుగా ఒక్కటి కొనుక్కునే విద్యార్థి ఆ పెట్టెను ఎక్కడ చూస్తాడు? బొమ్మా నంబరూ కొట్టువాడి దగ్గరే ఉండిపోతాయి, సిగరెట్టు ఒక్కటే ఇవతలికి వస్తుంది. దానికి డబ్బు కట్టడానికి క్యూఆర్ కోడ్‌కి చూపించేది పతకాలిచ్చే ఫోన్నే. ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరులో ఒక్క ఆర్డినెన్సుతో దేశమంతటా నిషేధించగలిగిన ప్రభుత్వానికి లూజు అమ్మకం మాత్రం కొరుకుడు పడదు. దాన్ని ఆపాలని, కొనేవాడి వయసు 18 నుంచి 21కి పెంచాలని 2020లో ముసాయిదా రాసుకుని, దాన్ని చట్టం చేయకుండా వదిలేశారు. ప్రభుత్వ ఎల్ఐసీకి సిగరెట్లు తయారుచేసే ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. అదే ఎల్ఐసీ దగ్గర టర్మ్ పాలసీ తీసుకోబోతే, పొగ తాగేవాడివైతే ప్రీమియం ఎక్కువ కట్టమంటుంది. ప్రమాదం ఎంతో పైసలతో సహా తెలిసినవాళ్ళే వీళ్ళు!

పైగా ఈ యాప్‌ల ఊహలో తాగేవాడంటే ఇంగ్లీషు మెనూ చదవగల నగరపు కుర్రాడు. నిజానికి 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో సిగరెట్టు తాగేవాళ్ళు 4 శాతమైతే బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం. బీడీ తాగేవాడి పొదుపు మీటరు ఎంత చూపిస్తుంది?

యువత ఫోన్లోనే ఉంటుంది కాబట్టి అక్కడే పట్టుకోవాలి అన్నది చివరి వాదన. సరే, పట్టుకోండి. ఆ ఫోనుకి మాట్లాడే సదుపాయం కూడా ఉందని గుర్తుంచుకుంటే చాలు. క్విట్‌లైన్‌లో మనిషి పలుకుతాడు, తెలుగులోనూ పలుకుతాడు. సిగరెట్టు మానడానికి తోడ్పడే నికోటిన్ ప్రత్యామ్నాయ మందులు 2022 నుంచి మన అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అవి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికేలా చేయండి, క్విట్‌లైన్ నంబరు సిగరెట్లమ్మే ప్రతి కొట్టు ముందూ తాటికాయంత అక్షరాలతో రాయించండి, లూజు అమ్మకం ఆపించండి. ఆ తర్వాత తీరికుంటే, వంద గజాల లోపల దుకాణం కనబడితే ఫొటో తీసి అధికారికి పంపే యాప్ ఒకటి చేయండి. దాని డౌన్‌లోడ్లు ఎన్నో కాదు, మూయించిన దుకాణాలు ఎన్నో నెలనెలా పేపర్లో వేయించండి.