సముద్రం పాత లెక్కలు అడిగితే ఏం చేయాలి?

మీరు మదనపల్లెలో టీచరు కావచ్చు, పుంగనూరులో ఆఫీసరు కావచ్చు, కుప్పంలో యువజన సంఘం నాయకుడు కావచ్చు. సముద్రాన్ని కాపాడే కార్యక్రమం ఏదో ఒకరోజు మీ నెత్తిన పడుతుంది. ఇప్పుడు కొత్తగా ఇంకో మాట కూడా అంటున్నారు: సముద్రం ఒకప్పుడు ఎలా ఉండేదో తెలుసుకుని, ఆ లెక్కన కాపాడాలట. కంగారు పడొద్దు. కుర్చీలోంచి లేవకుండానే గట్టెక్కవచ్చు.

1. దూరం చెప్పండి. మన ఊళ్లకు సముద్రం లేదు. ఈ ఒక్క మాటతో సగం పని తీరిపోతుంది. చదువుకున్న కుర్రాడెవడో లేచి, మదనపల్లె బాహుదా చెయ్యేట్లో, చెయ్యేరు పెన్నలో కలిసి నెల్లూరు జిల్లాలో సముద్రానికి చేరుతుందంటాడు. కుప్పం సీమ పాలారు పోయేదీ బంగాళాఖాతానికే అంటాడు. "ఏట్లో నీళ్లెక్కడున్నాయప్పా?" అని అడగండి. కూర్చుంటాడు. ఏట్లో పోసిన చెత్త ఎత్తించే పని కూడా పెట్టుకోకండి. నవంబరులో తుపాను పట్టుకుంటే కవర్లన్నీ ఒక్క రాత్రిలో కొట్టుకుపోతాయి. ట్రాక్టరు డీజిల్ మిగులుతుంది. బిల్లు మాత్రం మామూలుగానే పెట్టండి.

2. చరిత్రను మీ ఉద్యోగంతో మొదలుపెట్టండి. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో ఒక సంగతి రాశాడు. ప్రతి తరమూ తాను మొదట చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుందట. అంతకు ముందు పోయినదంతా లెక్కలోకే రాదట. ఆయన దీన్ని జబ్బు అన్నాడు. మనకు ఇది వరం. మీరు చేరిన రోజున ఉన్న చేపలే మొత్తం చేపలు. పోయిన ఏడే చేరారా? ఇంకా మంచిది, నష్టం దాదాపు సున్నా.

3. పాత పుస్తకాలు తెరవకండి. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో దొరికిన 200 చేపలకు బొమ్మలు వేయించి, వాటిని మనవాళ్లు పిలిచే పేర్లతో సహా 1803లో పుస్తకంగా తెచ్చాడు. ఇది చాలా ప్రమాదకరమైన పుస్తకం. ఎవరైనా ఒక్కో బొమ్మ మీద వేలుపెట్టి, "ఇది ఇప్పుడు వలలో పడుతోందా?" అని అడిగితే సాయంత్రం దాకా జవాబు వెతుక్కోవాలి. కాబట్టి బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి పాత గుమాస్తా దగ్గర ఉందనండి. గుమాస్తా రిటైరయ్యాడనండి. అయినా వదలకపోతే, రక్తపింజరికి ఇంగ్లీషులో ఈ రస్సెల్ పేరే ఉందని గుర్తుచేసి, "పాముల దొరకు చేపల సంగతేం తెలుసు?" అని ముగించండి.

4. ముసలివాళ్లను మాట్లాడనివ్వకండి. ఆదివారం పొద్దున చేపల అంగడికి వెళ్తారు కదా. ఐసుపెట్టె మూత తీస్తూ పెద్దాయన, "మా నాయన కాలంలో వంజరం ఇంత ఉండేదబ్బా" అని మోచెయ్యి దాటించి చూపిస్తాడు. ఆ చెయ్యి వంక చూడొద్దు. పెట్టెలో ఉన్నదాని వంకా చూడొద్దు, జానెడే ఉంటుంది. "కిలో ఎంత?" అనండి. ఆయనా ధరలోకి దిగుతాడు. స్కేలు, నోటుపుస్తకం ఇంట్లోనే ఉంచి రండి.

5. పట్టిన బరువు ఒక్కటే చూడండి. పడవ ఎంత పెరిగింది, ఎన్ని రోజులు తిరిగింది అనేవి అడగకండి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల విషయంలో దాదాపు ఇలాగే చేశారు. ఒడ్డు దగ్గర చిన్న పడవలవాళ్లు చేప తగ్గిందని మొత్తుకున్నా, పెద్ద ట్రాలర్ల వలలు నిండుతున్నాయని అధికారులు ధీమాగా ఉన్నారు. 1992లో వేట మొత్తం మూసేశారు, వేలమందికి పని పోయింది. అయినా చాలాకాలం లెక్కలు ఎంత బాగున్నాయో చూడండి!

6. మరీ ఇరుకున పడితే కడప బండ చూపించండి. మీ వంటింటి గట్టు మీద పరిచిన నల్లబండ ఒకప్పటి సముద్రపు అడుగు బురదే. వయసు యాభై కోట్ల ఏళ్ల పైమాటే. దాని మీద ఉల్లిపాయ తరుగుతూ చెప్పండి: "ఆ సముద్రం ఏ పడవా లేకుండానే పోయింది, మనమేం చేశాం?" అది పోవడానికి ఎన్నాళ్లు పట్టిందో మాత్రం చెప్పకండి.

7. పుంగనూరు ఆవు మాట రానివ్వకండి. మూడడుగుల ఆ ఆవు అంతరించే దశకు వచ్చాక పలమనేరు పరిశోధన కేంద్రంలో మందను పెంచారు. అసలు ఆవు ఎలా ఉండేదో తెలిసినవాళ్లుంటే జాతిని నిలబెట్టవచ్చని మన ప్రాంతంలోనే రుజువైపోయింది. ఎవరైనా ఎత్తితే, "ఆవు వేరు, చేప వేరు" అనండి.

ఆవు కథే కావాలంటే సముద్రపు ఆవు కథ చెప్పండి. ఉత్తర పసిఫిక్‌లో స్టెల్లర్ అనే ఆయన దాన్ని 1741లో చూసి వివరాలు రాశాడు. ఆఖరిదాన్ని 1768లో చంపారు. మొత్తం 27 ఏళ్లు. ఒక్క ఉద్యోగి సర్వీసులో పూర్తయ్యే పని.