స్థూల దృష్టి

దాదాభాయి నౌరోజీ మహాశయుడు దేశమునందలి పంటలకు రాష్ట్రము రాష్ట్రముగా వెలగట్టి, 1867–68 సంవత్సరమునకు భారతీయుని తలసరి ఆదాయము ఏటికి 20 రూపాయలని తేల్చినపుడు, వచ్చుచున్నదానితో తనివి నొందక, దేశమును వీడి పోవుచున్నదానిని సైతము గుణించి చూపెను. ఆ రెండవ లెక్క ఆయనతోడనే గతించినట్లున్నది.

నేటి గణకులు శ్రద్ధాళువులు కారని నా భావము కాదు. పట్టికలోని యాదృచ్ఛిక సంఖ్యనుబట్టి ఎన్నికైన వరిచేనిలో 5 మీటర్ల చదరము కొలిచి, మేకులు పాతి, తాడు బిగించి, కోసి, నూర్చి, తూచి, ఇట్టి కొన్ని చదరముల గింజలనుండి జిల్లా దిగుబడిని పుట్టించు పంటకోత ప్రయోగమును చూచినవారికి వామనుడు గుర్తునకు రాక మానడు. వామనుని మూడడుగులకు ముల్లోకములు చాలలేదు గాని, ఈ అయిదు మీటర్లలో జిల్లాయే ఇమిడిపోవును. గట్టుమీది రైతు, ఆ తూనిక పంటల బీమాకు ఆధారమని ఎరిగినవాడగుటచే, కాటా కొంత తేలికగా తూగిన బాగుండునని లోలోన మ్రొక్కుకొనును. బరువుగా తూగవలెనని కోరుకొనువారు కార్యాలయములలో లేకపోలేదు. ఇరువురి మ్రొక్కులును ఆ కాటాకే!

ఆ దిగుబడి చేరు దేశాదాయపు పద్దులలో పేడకును ఖరీదు కలదు. పరిహాసము కాదు, పాలు, గ్రుడ్లు, మాంసముల సరసనే అదియు పశుసంపద క్రింద లెక్కకెక్కును.

పేడకు దక్కిన ఈ మర్యాద కొల్లేటికి దక్కలేదు. 1999లో అభయారణ్యమై, 2002లో రాంసార్ జాబితాకెక్కిన ఆ సరస్సు, బుడమేరు తమ్మిలేరుల వరదను కడుపున దాచుకొని, ఉప్పుటేటి మీదుగా మెల్లమెల్లగా కడలికి విడుచుచు తరతరములుగా చేసిన వెట్టిచాకిరికి ఈ పద్దులలో కూలి లేదు. అభయారణ్యపు ఎల్లయైన అయిదవ కాంటూరు లోపల ఎవడేని గట్టు పోసి, చెరువు త్రవ్వి, చేపలు పట్టి అమ్మెనా, ఆ సరస్సే మత్స్యరంగ ప్రగతియై వెలుగును! కావున 2006లో ప్రభుత్వము అట్టి గట్లను తెగగొట్టించుట, పద్దుపుస్తకము కన్నుతో చూచినచో, శుద్ధ సంపద వినాశనమే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ పేటలను ముంచెత్తిన పిమ్మట గండ్లు పూడ్చిన మట్టిపని మాత్రము నిర్మాణరంగమునకు కలిసివచ్చును. వరదను మోసిన సరస్సునకు కాణీ లేదు, వరద పెట్టిన పనికి కలదు.

ఇక ఇసుక సంగతి. ఏటిలో నుండి ఒడ్డు బావులకు నీరూర్చినంతకాలము దాని విలువ సున్న. లారీ ఎక్కిన క్షణముననే అది గనుల రంగపు వృద్ధి. సింగరేణి బొగ్గుకైనను మంగంపేట ముగ్గురాయికైనను ఇదియే న్యాయము: భూగర్భమున తరిగినది ఎంతయో ఈ పద్దు అడుగదు. అడుగమనుట అమాయకత్వము, దీని పేరే స్థూల ఉత్పత్తి కదా! స్థూల దృష్టికి సూక్ష్మములు కానరావు. నికరమును కట్టునపుడైనను తీసివేయునది యంత్రముల అరుగుదలయే కాని ఏటి అరుగుదల కాదు. కేంద్ర గణాంకశాఖవారు 2018 నుండి పర్యావరణ పద్దులను ప్రకటించుచునే యున్నారు, వేరొక పుస్తకముగా. పెద్దపద్దును మైలపరుపకుండుటకు కాబోలు.

గణక మహాశయులారా, వచ్చే యేటి పుస్తకమున ఇసుక ఆదాయమునకు ఎదురుగా ఒక్క గడిని ఖాళీగా విడువుడు. అంకె మీరు వేయనక్కరలేదు. బావులు అడుగంటిన ఏటియొడ్డు రైతులు వచ్చి వేసిపోయెదరు.