సార్, ఇంకో రెండ్రోజులు

వాయిదారావు అసలు పేరు హాజరు పట్టీలో వేరే ఉంది. ఆ పేరుతో పిలిస్తే పలకడానికి మనిషి క్లాసులో ఉండాలి కదా. అందుకని స్టాఫ్‌రూమ్‌లో మేమే ఓ పేరు పెట్టుకున్నాం. ఏ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పినా బ్యాచ్‌కి ఇలాంటివాడు ఒకడు తగులుతాడు. మీరు చదువుకున్న రోజుల్లో మీ వెనక బెంచీలోనే కూర్చుని ఉంటాడు, గుర్తు తెచ్చుకోండి. ముళ్లపూడి వెంకటరమణగారి అప్పారావు కనిపించినవాళ్లందరి దగ్గరా డబ్బు అప్పు చేసేవాడు. వాయిదారావు రోజులు అప్పు చేస్తాడు. డబ్బు ఎగ్గొడితే వెంటపడి అడిగేవాడు ఒకడుంటాడు. రోజులు ఎగ్గొడితే ఎవడు అడుగుతాడు?

మామూలు కుర్రాడు గడువు దాటిన మర్నాడు వస్తాడు. తలుపు దగ్గర నిలబడి, చెప్పులు లోపలికి తేవాలో బయట వదలాలో తెలీక తడబడి, అడగాల్సింది అడక్కుండానే తిట్లు తిని పోతాడు. వాయిదారావు గడువుకి ముందు రోజు సాయంత్రం నాలుగుంబావుకి వస్తాడు. ఆ ముహూర్తం ఊరికే పెట్టింది కాదు. పన్నెండింటికి మేస్టారికి ఆకలి, రెండింటికి కునుకు, నాలుగున్నరకి కాలేజీ బస్సు. బ్యాగు భుజాన వేసుకుని, కిటికీలోంచి బస్సు వంక చూస్తున్న మనిషి దేనికైనా "సరే, పో" అంటాడు. ఆ సంగతి అతను ఫస్టియర్ మొదటి నెలలోనే కనిపెట్టాడు.

వచ్చినవాడు వెంటనే విషయం ఎత్తడు. "బిజీనా సార్?" అంటాడు. కాదంటే, "నిన్నటి మీ క్లాసు చాలా బాగుందట సార్" అంటాడు. ఆ 'ట' వినబడనట్టు ఊరుకోవాలి. తర్వాత మా పెద్దవాడి ఎంసెట్ కోచింగ్ గురించి ఒక ప్రశ్న, మోకాలి నొప్పికి వాళ్ల ఊళ్లో ఎవరో ఇచ్చే నూనె గురించి ఒక సలహా. అప్పటికి బస్సు డ్రైవరు మొదటి హారన్ కొడతాడు. అప్పుడు, అదేదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు: "ఆ అసైన్‌మెంటు సార్... ఇంకో రెండ్రోజులు."

రెండ్రోజులంటే ఎన్ని రోజులన్నది వాయిదారావు దగ్గర నేర్చుకోవాలి. గురువారం అడుగుతాడు. శుక్ర, శనివారాలు రెండ్రోజులు. కానీ ఆ శనివారం రెండో శనివారం, ఆదివారం ఎలాగూ ఆదివారమే, సోమవారం కార్తీక పౌర్ణమి, మంగళవారం మీరు వాల్యుయేషన్ డ్యూటీకి వెళ్తున్నారు కద సార్. మా డ్యూటీ చార్టు మాకంటే ముందు అతనికి తెలుస్తుంది. ఆఫీసు అటెండరు అతనికి బాబాయ్, పరీక్షల సెక్షన్ క్లర్కు అన్నయ్య, లైబ్రేరియన్ అక్క. కాలేజీలో బంధుత్వం కలవనిది మాకొక్కళ్లకే. మేం సార్లం.

బంధువుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ప్రపంచంలో ఏ మూల చదువుకునే కుర్రాడైనా గడువు దగ్గరపడితే ముందు గ్రాండ్‌మదర్‌నే చంపుతాడని విన్నాను. మన కుర్రాడికి అంత తేలిగ్గా కుదరదు. ఉత్తరంలో గ్రాండ్‌మదర్ అని రాసినా, మేం నోటితో అడిగేది "అమ్మమ్మా, నాయనమ్మా?" అనే. కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. వాయిదారావు తడుముకోడు. "నాయనమ్మ సార్." ఎప్పుడూ నాయనమ్మే. అమ్మమ్మ పోతే మనవడికి మైల తక్కువ, నాయనమ్మ పోతే పది రోజులు. అందుకే మూడేళ్లలో వాళ్ల అమ్మమ్మకి కనీసం పడిశం కూడా పట్టలేదు.

"మొన్న సెమిస్టర్‌లోనే పోయిందన్నావుగా?" అని నిలదీశాను ఒకసారి.

"ఆవిడ మా నాన్నగారి సొంత అమ్మ సార్. ఈవిడ మా నాన్నగారి పిన్ని. నాకు నాయనమ్మే కదా?"

కాదనడానికి లేదు. మన వరసలే అంత. తాతగారికి ముగ్గురు తమ్ముళ్లూ నాయనమ్మకి నలుగురు చెల్లెళ్లూ ఉన్న ఇంట్లో పుట్టినవాడికి నాలుగేళ్ల బీటెక్‌కి సరిపడా నాయనమ్మలుంటారు. పైగా ఒక్కరు పోతే ఒక్క వాయిదాతో సరిపెట్టుకునే అమాయకుడు కాడు. చిన్నకర్మకి రికార్డు, పెద్దకర్మకి అబ్జర్వేషన్ బుక్, నెలమాసికానికి మినీ ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్టు, సంవత్సరీకానికి మేజర్ ప్రాజెక్టు రివ్యూ. పోయిన పెద్దావిడ ఏడాది పొడుగునా మనవణ్ణి కాస్తూనే ఉంటుంది.

జబ్బుల విషయంలో మాత్రం అతనికి సంయమనం ఎక్కువ. మనందరికీ స్కూల్లో సెలవు చీటీ రాయడం నేర్పినప్పుడు ఒక్క జబ్బే నేర్పారు: 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. ఇంజనీరింగ్‌కి వచ్చినా నూటికి తొంభైమంది ఆ జ్వరంలోనే మగ్గుతుంటారు. వాయిదారావు దాన్ని చిల్లర అవసరాలకి కూడా వాడడు. అసైన్‌మెంట్లకి కరెంటు, వానలు, ఆర్టీసీ బస్సు చాలు. జబ్బుని కండోనేషన్ కోసం దాచుకుంటాడు.

కండోనేషన్ అంటే తెలీనివాళ్లకి: జేఎన్‌టీయూ లెక్కలో సెమిస్టర్‌కి 75 శాతం హాజరు ఉండాలి. తగ్గినా 65కి కిందికి దిగకపోతే, జబ్బు చేసిందని డాక్టరు కాగితం పెట్టి, ఫీజు కట్టి, పరీక్ష రాయొచ్చు. 65 కూడా లేకపోతే డిటెన్షనే. జూనియర్లతో కూర్చుని మళ్లీ అదే సెమిస్టర్ చదవాలి. వాయిదారావు హాజరు ప్రతి సెమిస్టర్లోనూ 65కి ఒక వెంట్రుకవాసి పైన ఉంటుంది. 66 ఎప్పుడూ లేదు. ఎం-1 పేపరు మూడుసార్లు రాసినవాడికి ఈ లెక్క ఎలా వస్తోందో మా మ్యాథ్స్ మేడమ్‌కి ఇప్పటికీ అంతుబట్టదు. ఆ కాగితంలో జబ్బు టైఫాయిడ్. మామూలు జ్వరం మూడు రోజుల్లో తగ్గిపోతుంది, పచ్చకామెర్లంటే కళ్లు చూపించమంటారు. టైఫాయిడ్ వారాల తరబడి ఉండే పెద్దమనిషి తరహా జబ్బు. ఒకసారి అతని కాగితంలో తేదీలు చూసి, "ఈ రోజున నువ్వు ఫ్రెషర్స్ డేలో డాన్స్ చేశావుగా" అన్నాను. "టైఫాయిడ్‌లో మధ్యమధ్యన జ్వరం దిగుతుంటుంది సార్" అన్నాడు. ఆ డాన్స్ చూసినవాణ్ణి కాబట్టి దిగలేదనే అనుకుంటున్నాను.

ఈమధ్య విద్య ఆన్‌లైన్‌కి మారింది. గడువు రాత్రి పన్నెండింటికైతే పదకొండూ యాభై ఎనిమిదికి డ్రైవ్ లింకు పంపుతాడు. మర్నాడు తెరిస్తే, చూడ్డానికి అనుమతి లేదంటుంది. అనుమతి కోరుతూ నేను ఒక నొక్కు నొక్కాలి. ఆయన తీరిక చేసుకుని ఆ మెయిల్ చూసుకోవాలి. మూడో రోజుకి అనుమతి మంజూరవుతుంది. ఈలోగా ఫైలు తయారవుతుంది. "నేనైతే టైమ్‌కే పంపాను సార్, టైమ్ చూసుకోండి" అంటాడు. అడిగేవాణ్ణి నేనూ, ఇచ్చేవాడు అతనూ అయిన ఏర్పాటు ఇదొక్కటే.

కుర్రాణ్ణి ఆడిపోసుకుంటున్నానుగానీ, గడువంటే గడువు కాదని అతనికి నేర్పిందెవరు? ఇంటర్ బోర్డు నుంచి యూనివర్సిటీ దాకా పరీక్ష ఫీజు ప్రకటన ఏదైనా చదవండి. అపరాధ రుసుం లేకుండా ఫలానా తేదీ. వంద రుసుముతో ఇంకో తేదీ, ఐదొందలతో ఇంకోటి, వెయ్యితో మరోటి. అన్నీ అయ్యాక, విద్యార్థుల విజ్ఞప్తి మేరకు గడువు పొడిగింపు అని మళ్లీ మొదటికి. పదో తరగతి నుంచి ఇవే చదువుతూ పెరిగినవాడికి ఆఖరు తేదీ అన్నది మన కూరల బజారులో మొదట చెప్పిన ధరలాగే కనిపిస్తుంది. దానికి కొనేవాణ్ణి వెర్రివాడంటారు. మేం మాత్రం? ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేసే పోర్టల్ ఏనాడైనా చెప్పిన రోజున మూసుకుందా? మూసుకోదని తెలిసే కదా అందరం ఆఖరి రోజున దాని మీద పడేది.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక కక్షిదారుకి విచారణలో మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని ఉంది. ఆ మూడు ఎన్నేళ్లు సాగుతాయో కోర్టు మెట్లెక్కినవాళ్లని అడగండి. 2025లో ఆదాయపు పన్ను రిటర్నులకి జూలై 31 అన్న గడువుని సెప్టెంబరు 15 చేశారు. ఆ పదిహేనూ వెళ్లిపోతుంటే ఇంకొక్క రోజు ఇచ్చి 16 చేశారు. ఆ వార్త నాకు వాట్సాప్‌లో పంపింది వాయిదారావే. రిటర్ను వేసేంత ఆదాయం అతనికెక్కడిది? కళాభిమానం. "నలభై ఆరు రోజులు ఎవరైనా ఇస్తారు సార్. ఆ చివరి ఒక్క రోజు ఉంది చూశారూ, అది అడిగినవాడెవడోగానీ..." అని గొంతు గద్గదమైంది.

అతనికీ ఒక గురువున్నాడు. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రీసెర్చ్ స్కాలర్. యూజీసీ 2022 నిబంధనలు ఆయనకి కంఠతా వచ్చు: పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, పునర్నమోదు చేయించుకుంటే ఇంకో రెండేళ్లు, మహిళలకూ, 40 శాతం దాటి వైకల్యం ఉన్నవాళ్లకూ అదనంగా మరో రెండేళ్లు, అంతా కలిసి పదేళ్లకి మించకూడదు, మహిళలకి ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. తనకి వర్తించే క్లాజులు అయిపోయాక వర్తించనివి కూడా చదివి నిట్టూరుస్తాడు. కోవిడ్ రోజుల్లో యూజీసీ థీసిస్‌లకి ఆరేసి నెలల చొప్పున గడువు పెంచుతూ పోయింది. ఆయన జీవితంలో స్వర్ణయుగం అదేనట. అప్పుడు థీసిస్ మూడో అధ్యాయంలో ఉండేది. ఇప్పుడూ క్షేమంగా అక్కడే ఉంది.

ఇంత పెద్ద పరిశ్రమ నడుస్తున్న చోటే, నిజంగా కష్టంలో ఉన్నవాళ్లు నోరు మెదపరు. రాత్రి రెండింటిదాకా బైక్ మీద భోజనాలు డెలివరీ చేసి పొద్దున్న ఫస్ట్ అవర్‌కి వచ్చేవాడు సగం రాసిన అసైన్‌మెంటే గడువు రోజున బల్ల మీద పెట్టి, పదికి నాలుగు తీసుకుని పోతాడు. ఎందుకని అడిగితే, ఏం లేద్సార్ అంటాడు. అడగడమంటే అతని లెక్కలో చెయ్యి చాపడం. వాయిదారావు లెక్కలో పలకరింపు. మాకేమో కాగితం తెచ్చినవాడి కష్టమే కనిపిస్తుంది. మరి ఊళ్లో కాగితం దొరికేది కష్టం లేనివాడికే.

వాళ్ల క్లాసులోనే చూపు బాగా తక్కువున్న అమ్మాయి ఒకతె ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంది, అడ్మిషన్ అప్పుడు ఇచ్చింది కూడా. ప్రశ్నపత్రాన్ని ముక్కుకి ఆనించుకుని చదివి, మూడు గంటల్లో రాయగలిగినంత రాసి, మిగతాది వదిలేసి వచ్చేది. సెమిస్టర్లు గడిచిపోతున్నాయి. ఆమె అడగలేదు, మాలో ఎవరికీ తట్టలేదు. ఒకరోజు నాలుగుంబావుకి వాయిదారావు ఆమెని వెంటబెట్టుకుని వచ్చాడు. బ్యాగు సర్దుకుంటూ, ఈసారి నాయనమ్మ ఎవరి తరఫు అని అడగబోయాను.

"వికలాంగుల పరీక్షలకి కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు సార్" అని ప్రింటవుట్ బల్ల మీద పెట్టాడు. పెన్సిల్‌తో గీతలు కొట్టి ఉంది. రాసిపెట్టేవాణ్ణి పెట్టుకునే హక్కు ఉన్నవాళ్లకి గంటకి ఇరవై నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం. అలాంటి సాయం వద్దనుకున్నా మూడు గంటల పరీక్షకి కనీసం ఇంకో గంట. "ఇన్ని సెమిస్టర్లు ఈ గంట ఎందుకివ్వలేదు సార్?" అన్నాడు. ఆ గొంతులో ఆమె మీద జాలి ఏమీ లేదు. తను ఒక్క రోజు కోసం నానా అగచాట్లు పడుతుంటే, కాగితం మీద అచ్చయి ఉన్న గంటని ఎవరూ వసూలు చేసుకోకుండా వదిలేశారన్న కడుపుమంట ఉంది.

ఆ పని అతను నడిపిన తీరు చూడాలి. ప్రిన్సిపాల్‌కి అర్జీ, దానికి జత ధ్రువపత్రం నకలు, హెచ్ఓడీ సంతకం, పరీక్షల సెక్షన్‌లో అన్నయ్య చేత ఇన్‌వర్డ్ నంబరు, ఫైలు ఏ బల్ల మీద ఆగిందో బాబాయ్ దగ్గర గంటగంటకీ వాకబు. నాలుగైదు రోజులు క్లాసు మాట ఎత్తలేదు, అది మామూలే అనుకోండి. అర్జీలకి పెట్టిన ఆఖరు తేదీ కంటే రెండు రోజుల ముందు మంజూరు కాగితం అమ్మాయి చేతిలో ఉంది. గడువుకి ముందే పని పూర్తయిందని తెలిసి స్టాఫ్‌రూమ్‌లో కొందరు నమ్మలేదు. క్లర్కు తేదీ ముద్ర చూపించాల్సి వచ్చింది.

మర్నాడు వచ్చాడు. నాలుగుంబావుకి కాదు, పొద్దున్నే, నేను హాజరు తీసుకోబోతుంటే. "సార్, ఆ ఫైలు వెనక తిరగడంలో నా రికార్డు రాయలేకపోయాను" అన్నాడు.

రుజువేమీ తేలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డాడు. నిజం చెప్పి గడువు అడగడం అలవాటు లేనివాడు కదా, మాట కూడా తడబడింది.

"ఎన్ని రోజులు కావాలి?" అన్నాను.

"మీ ఇష్టం సార్."

"రెండ్రోజులు తీసుకో."

అయిదో రోజున తెచ్చాడు. మధ్యలో రెండో శనివారం ఉందట.