ఇరవై వేల రోజుల కత్తి

కూతురు సంజ్ఞ మొగుడి వేడికి తాళలేక ఇల్లు విడిచిపోతే, విశ్వకర్మ అల్లుణ్ణి సాన మీదికెక్కించి తేజస్సులో ఎనిమిదో వంతు చెక్కేశాడని విష్ణుపురాణం. రాలిన రజనుతో విష్ణువుకి చక్రం, శివుడికి త్రిశూలం, కుమారస్వామికి శక్తి తయారయ్యాయి. ఆ అల్లుడే మా అరసవల్లిలో ఉషా ఛాయా పద్మలతో కొలువున్న సూర్యనారాయణస్వామి. అందుకని ఆయుధాల తయారీ అనగానే మా ఊరివాళ్లకి కాస్త పట్టింపు. ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది అన్న పద్దు మాత్రం పురాణంలో లేదు. ఆ లోటు అమెరికావాళ్లు పూడ్చారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూచుని ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు వీరులూ మాంత్రికులూ దొంగలూ అయిపోతారు, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. తెల్లవార్లూ వీధి భాగవతం చూసిన జనానికి ఇందులో వింతేమీ లేదు. వీరుడికి ఓ మంచి కత్తి కావలసొచ్చినప్పుడే తంటా. పుస్తకం తెరిస్తే కొలిమి కనిపించదు, కాంట్రాక్టరు ఎస్టిమేటు కనిపిస్తుంది.

2000లో వచ్చిన మూడో కూర్పు చూడండి. ముందు కత్తి మేలురకం పనితనంతో చేసింది కావాలి, దానికి మామూలు ధర మీద 300 బంగారు నాణేలు అదనం. ఆపైన మంత్రం. ఒక మెట్టు మంత్రానికి 2,000, రెండు మెట్లకి 8,000, మూడింటికి 18,000. మెట్టుని మెట్టుతో హెచ్చవేసి, మళ్లీ రెండు వేలతో హెచ్చవేయాలి. అందులో సగం సామగ్రి ఖర్చు. వెయ్యి నాణేల ధరకి ఒక రోజు పని, రోజుకి ఎనిమిది గంటలు. నిప్పులు కక్కే కత్తి కావాలంటే ముందు ఒక మెట్టు మామూలు మంత్రం ఎక్కించి ఉండాలి, నేరుగా నిప్పు పెడతానంటే ఫైలు కదలదు. రాక్షసుడు ఊరి పొలిమేరలో ఉన్నా సరే.

మరి పనితనం? దానికీ పాచికే. వారానికోసారి విసరాలి. కావలసిన అంకెకి ఐదో, అంతకన్నా ఎక్కువో తగ్గితే సగం సామాను బూడిద. కొలిమి దగ్గర ఓ పూట నిలబడ్డవాడెవడూ ఇలా రాయడు. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచి తీసి, అంచుని తెల్లగా గీకి, మళ్లీ సన్నని సెగ చూపిస్తే ఆ తెలుపు మీద లేత పసుపు పాకుతుంది. తర్వాత ముదురు పసుపు, ఊదా, నీలం. ఏ రంగు దగ్గర ఆపాలో కమ్మరి కన్ను చెబుతుంది. ముందే ఆపితే అంచు పెళుసు, రెప్పపాటు ఆలస్యమైతే మెత్తన. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుముని మూసలో పెట్టి, మూత మెత్తి, కాచి చల్లార్చిన ఉక్కుముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి దిగేవారు. వాళ్లు పాచికలు తెచ్చుకున్నట్టు ఎవరూ రాయలేదు.

అయినా మూడో కూర్పే నయం. 2014 నాటి ఐదో కూర్పులో అసలు వినోదం ఉంది. గొప్ప గొప్ప గాథల్లో చెప్పుకునే స్థాయి ఆయుధానికి ఖర్చు ఐదు లక్షల నాణేలు. చేసేవాడు రోజుకి పాతిక నాణేల పనే చేయగలడు. లెక్క కట్టండి: ఇరవై వేల రోజులు, దగ్గర దగ్గర యాభై ఐదేళ్లు. ఇరవయ్యో ఏట మొదలెట్టినవాడు డెబ్బై ఐదో ఏట కత్తి పూర్తిచేసి, దాన్నెత్తడానికి మనవణ్ణి పిలవాలి. ఆ ఆటలో ఎల్ఫులనే జాతికి ఏడొందల ఏళ్ల పైచిలుకు ఆయుష్షు పెట్టింది ఇందుకేనేమో! పోనీ, తోడు పెట్టుకోవచ్చన్నారు. పదిమందిని మస్టరు వేసి దింపితే ఐదున్నరేళ్లలో అయిపోతుంది. కాకపోతే ప్రతివాడూ ఆటలో పదిహేడో స్థాయికి చేరినవాడై ఉండాలి. అలాంటి మాంత్రికులు పదిమంది ఒకచోట చేరితే లోకాన్నే ఏలొచ్చు. వీళ్లు చేరి, తలా పాతిక నాణేల చొప్పున బిల్లు రాసుకుంటారు.

గొడవయ్యాక రేట్లు సవరించారు. 2017 పుస్తకంలో లక్ష నాణేలు, యాభై పనివారాలు. ఏదో భూతాన్ని ఎదిరించి అరుదైన సరుకు తేవాలన్న షరతు కూడా పెట్టారు, అది బాగుంది, అందులో కథ ఉంది. 2024లో మళ్లీ దిద్ది లక్ష నాణేలు, 250 రోజులన్నారు. పనివారానికి ఐదు రోజులని ముందు పుస్తకమే చెప్పింది. ఏడేళ్లు ఆలోచించి గుణకారం చేశారన్నమాట.

ఇన్ని చిట్టాల మధ్య మనిషి రాసినట్టున్న నియమం ఒక్కటి ఉండేది. మూడో కూర్పులో మంత్రం ఎక్కించేవాడు ధరలో ఇరవై ఐదో వంతు తన అనుభవపు పాయింట్ల లోంచి తెంపి ఇవ్వాలి. రెండు వేల కత్తికి ఎనభై పాయింట్లు. తాను దాటిన గండాలూ తిన్న దెబ్బలూ కొంత కత్తిలోకి వెళ్లిపోతాయి, చేసినవాడు ఆ మేరకి తగ్గుతాడు. ఆటగాళ్లకి సరిగ్గా ఇదే గిట్టలేదు. బంగారం అడుగు, రోజులడుగు, నన్ను మాత్రం అడక్కు! తర్వాతి కూర్పులో ఎత్తేశారు.

మన ఇంద్రుడిదీ అదే బాపతు. వజ్రాయుధం కావాలి, ఎముకలు మాత్రం దధీచి మునివి. తన కాతాలో ఒక్క పాయింటు తగ్గలేదు. అంత ఆయుధం చేతబట్టుకుని శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున కోటేశ్వరుడి గుడికి వేళ కాని వేళ వచ్చి, లోపలికి తోసుకుపోబోతే నంది ఒక్క తన్ను తన్నాడని మా స్థలపురాణం. వచ్చి అరసవల్లిలో పడ్డాడు. లేచాక ఆ వజ్రంతోనే పుష్కరిణి తవ్వాడంటారు. ముని వెన్నెముక చివరికి మా ఊళ్లో గునపం పని చేసింది. అప్పనంగా వచ్చిన ఆయుధాన్ని వాడే తీరు అంతే.

సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగి, మేడ మీద పాచికలు పరిచే మా పిల్లలకి నేనిచ్చే నియమావళి రెండు వాక్యాలు. ఆయుధం కావాలన్నవాడు తన కాగితం మీద ముచ్చటపడి రాసుకున్న శక్తుల్లో ఒకదాన్ని తన చేత్తోనే రబ్బరుపెట్టి చెరపాలి. అందుకు మనసొప్పకపోతే ఎదురుగా కూచున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరూ వినేలా అడగాలి: “ఒరే, నీ ఎన్నెముక ఓపాలి ఇస్తావేటి?”